శుష్క భూములలో జల పరిశోధన: బీరూట్ నుంచి జోధ్‌పూర్ దాకా

1948 చివరలో లెబనాన్ రాజధాని బీరూట్‌లో యునెస్కో మూడవ సర్వసభ్య సమావేశం జరిగింది. వర్షాభావ ప్రాంతాల సమస్యలను పరిశోధించేందుకు ఒక అంతర్జాతీయ సంస్థను స్థాపించే విషయం పరిశీలించాలని అక్కడ ప్రతిపాదించినది భారత ప్రతినిధి వర్గమే. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తూర్పు పంజాబ్ కాలువల నుంచి పశ్చిమ పంజాబ్‌కు పారే నీరు నిలిచిపోయింది. మే నెలలో ఢిల్లీలో తాత్కాలికమైన ఒడంబడిక కుదిరింది. నదీజలాల పంపకంపై పొరుగు దేశంతో వివాదం నడుస్తున్న రోజులలోనే, ఎడారి నీటిని గురించిన విజ్ఞానాన్ని అందరూ పంచుకోవాలని భారతదేశం కోరడం గమనింపదగిన విషయం.

కోరిన సంస్థ మాత్రం ఏర్పడలేదు. 1949లో పారిస్‌లో సమావేశమైన నిపుణులు ఒకేచోట పరిశోధనాలయం కట్టడం కన్న, వివిధ దేశాలలో జరిగే కృషిని సమన్వయపరచే మండలి మేలని భావించారు. ఆ ఆలోచన ఫలితంగా ఏర్పడిన సలహా సంఘం 1951లో అల్జీర్స్‌లో తొలిసారి సమావేశమైంది. సహారా ఇసుకకూ థార్ ఇసుకకూ బాధ ఒకటే అయినా మందు ఒకటి కాదు గనుక ఈ నిర్ణయం సమంజసమైనదే. అయితే సలహా సంఘానికి సొంత ప్రయోగ క్షేత్రమంటూ ఉండదు. దాని మాట నేల మీదికి దిగడం ఆయా ప్రభుత్వాల చేతిలోని పని.

1952లో అంకారాలో శుష్క ప్రాంత జలవిజ్ఞానంపై సదస్సు జరిగింది. 1954లో పవన, సౌర శక్తులపై న్యూఢిల్లీలో మరొకటి జరిగింది. 1956లో మళ్ళీ న్యూఢిల్లీలోనే సమావేశమైన సర్వసభ్య సభ, శుష్క భూముల పరిశోధనను యునెస్కో ప్రధాన ప్రణాళికలలో ఒకటిగా స్వీకరించింది. ఉత్తర ఆఫ్రికా నుంచి పశ్చిమాసియా మీదుగా దక్షిణాసియా వరకు గల భూభాగం దాని ముఖ్య కార్యరంగం.

ఆ కృషి భారతదేశంలో స్థిరరూపం దాల్చినది జోధ్‌పూర్‌లో. అక్కడ 1952లో ఎడారిలో చెట్లు పెంచే పరిశోధన కేంద్రం వెలిసింది. 1957లో దాని పరిధి భూసంరక్షణకూ విస్తరించింది. యునెస్కో సలహాదారుగా వచ్చిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు సి.ఎస్. క్రిస్టియన్ సూచనల మేరకు 1959లో అది కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థగా మారింది. నేల, నీరు, వృక్షసంపద వేర్వేరు శాఖల విషయాలు కావనీ, ఒక ప్రాంతాన్ని సమగ్రంగా సర్వే చేయాలనీ చెప్పే పద్ధతిని క్రిస్టియన్ అంతకు ముందే ఉత్తర ఆస్ట్రేలియాలో అనుసరించాడు. ఇసుక దిబ్బలకు చెట్లతో కళ్ళెం వేయడంతో మొదలైన సంస్థ దృష్టి ఆ విధంగా నీటి మీదికీ మళ్ళింది.

1958లో టెహ్రాన్‌లో శుష్క మండలాల లవణ సమస్యలపై యునెస్కో సదస్సు నిర్వహించింది. మురుగుదారి లేకుండా పొలానికి నీరు పెడితే లవణాలు పైకి వస్తాయన్న సంగతి మెసపొటేమియా ఏనాడో చవిచూసినదే. అదే 1958లో రాజస్థాన్ కాలువకు శంకుస్థాపన జరిగింది. తరువాత ఇందిరాగాంధీ పేరు పెట్టుకొన్న ఆ కాలువ ఎడారికి తాగునీరు తెచ్చింది, గోధుమ, పత్తి పండించింది. ఆ మేలు కాదనరానిది. కాని అనేకచోట్ల అడుగున ఉన్న జిప్సం, బంకమట్టి పొరలు నీటిని కిందికి దిగనివ్వలేదు. హనుమాన్‌గఢ్ పరిసరాలలో పొలాలు నీట మునిగాయి, మరికొన్ని చౌడుబారాయి. విజ్ఞానం ఉన్నా కాలువతో పాటే మురుగుదారి తవ్వడం జరగలేదు.

ఇక రెండవ పాఠం ప్రాచీనుల నుంచి వచ్చింది. ఇజ్రాయిల్ వృక్షశాస్త్రజ్ఞుడు మైఖేల్ ఎవెనారీ తన సహచరులతో కలిసి 1950ల చివరలో నెగెవ్ ఎడారిలోని అవ్దత్, శివ్తాల వద్ద పురాతన పొలాలను పునరుద్ధరించాడు. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన కురిసే ఆ చోట, సాగుభూమికి ఇరవై ముప్పై రెట్ల విస్తీర్ణం గల కొండవాలుల నీటిని పొలంలోకి మళ్ళించి పంట తీయవచ్చునని నిరూపించాడు.

అటువంటి విద్య జైసల్మేర్‌లో ఎన్నడూ శిథిలం కాలేదు. పదిహేనవ శతాబ్దంలో పాలీవాల్ బ్రాహ్మణులు ఆరంభించారని చెప్పే ఖడీన్ పద్ధతి అదే. రాతినేలల మీద జారిన వాననీటిని పల్లంలో పొడవైన మట్టికట్టతో ఆపుతారు. మిగులు నీరు అలుగు మీదుగా పోతుంది. నిలిచిన నీరు నెమ్మదిగా ఇంకుతుంది. శీతకాలం రాగానే ఆ పదునులోనే గోధుమ, శనగ చల్లుతారు, వేరే తడి అక్కరలేదు. జోధ్‌పూర్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని అధ్యయనం చేసి 1983లో ఒక అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. భూమిలో దాచే టాంకా తొట్టెలకూ వారు మెరుగైన నమూనాలు రూపొందించారు.

దక్కనులో ఈ సహకారానికి మరో రూపం ఉంది. 1970లో కెనడా తోడ్పాటుతో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత మెట్ట వ్యవసాయ పరిశోధన పథకం మొదలైంది. అనంతపురం దాని కేంద్రాలలో ఒకటి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ నెలకొన్నది. ఎడారి కాకపోయినా, వాన జాడ తెలియని నేలలు ఇవీ.

ఖడీన్ కట్టకు దిగువన రైతులు బావి తవ్వడం కూడా ఆనవాయితీ. పైన ఇంకిన నీరు లవణాలను కడుగుతూ అక్కడికి ఊరుతుంది. చుట్టుపక్కల ఉప్పునీరు పడే చోట ఆ బావిలో మంచినీరు దొరుకుతుంది.