పట్టాల కింద పిడికెడు కంకర

1891లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతకు జర్మనీలోని మెర్క్లిన్ సంస్థ ఒక బొమ్మ రైలును తీసుకొచ్చింది. 1859లో గ్యోపింగెన్ ఊళ్లో ఒక రేకుపనివాడు మొదలుపెట్టిన ఆ సంస్థ అప్పటిదాకా పేరు తెచ్చుకున్నది బొమ్మరిళ్ల వంటసామాన్లతో. కీ ఇస్తే నడిచే ఇంజను అప్పటికి వింతేమీ కాదు. వింతంతా దాని కింద పరిచిన పట్టాల్లో ఉంది. అన్నీ ఒకే కొలతలో, ఒకదానికొకటి అతుక్కునేలా చేసిన ముక్కలవి. ఈ ఏడాది ఒక వలయం కొనుక్కున్న కుటుంబం వచ్చే ఏడాది నాలుగు పట్టా ముక్కలు, బండిని దారి మళ్లించే ఒక పాయింటు, ఆ పైఏడాది ఒక స్టేషను కొని కలుపుకోవచ్చు. రైలు కొనడంతో పాటు రైలు మార్గాన్ని పెంచుకుంటూ పోవడం అనే ఆలోచన అక్కడ బలంగా నాటుకుంది.

ఆ పట్టాల కింద మాత్రం ఏమీ లేదు. అక్కడక్కడా అడ్డంగా ఒక రేకుబద్ద, దాని కింద ఇంటి నేల. కంకర లేదు, కట్ట లేదు, గడ్డి లేదు. ఆ ఖాళీ నిండడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. ఇంజన్ల సంగతి కంపెనీలు చూసుకున్నాయి. నేల సంగతి చూసుకున్నది మాత్రం ఎక్కువగా రైళ్లంటే ఇష్టంతో సాయంత్రాలు ఖర్చుపెట్టిన మామూలు మనుషులే. వాళ్లు చేసిందేమిటో ఒకరికొకరు చెప్పుకోబట్టే బొమ్మ రైలు ఒక నైపుణ్యంగా ఎదిగింది.

ఇంగ్లండులో ఈ కథ నార్తాంప్టన్ పట్టణం నుంచి నడుస్తుంది. అక్కడ బాసెట్-లోకి అనే వ్యక్తి పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఉత్తరాల ద్వారా మోడళ్లు అమ్మే వ్యాపారం పెట్టాడు. హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరు గీసిన నమూనాలతో, జర్మన్ కర్మాగారాల్లో తయారు చేయించి, నిజమైన బ్రిటిష్ ఇంజన్లను పోలిన మోడళ్లను పెద్దవాళ్లకు అమ్మాడు. 1910లో లండన్‌లో మోడల్ రైల్వే క్లబ్ ఏర్పడింది. ప్రపంచంలో ఈ తరహా సంఘాల్లో అన్నిటికంటే పాతదిగా దానికి పేరుంది. 1920లో లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కీ రైళ్లు తయారుచేయడంతో ఈ సరదా మధ్యతరగతి ఇళ్లలోకీ వచ్చింది.

అప్పటి రైళ్లు పెద్దవి. పట్టాల మధ్య దూరాన్ని చెప్పే గేజిలో 45 మిల్లీమీటర్లు, 32 మిల్లీమీటర్లు వాటి ప్రధాన కొలతలు. అంత పెద్ద రైలుకు తోట కావాలి, లేదా విశాలమైన హాలు కావాలి. 1922లో బాసెట్-లోకి కోసం జర్మనీలోని బింగ్ సంస్థ బల్ల మీద పట్టే చిన్న రైలును చేసింది. 1935లో ట్రిక్స్, మెర్క్లిన్ రెండూ ఆ పరిమాణంలో విద్యుత్ రైళ్లను తెచ్చాయి. చివరికి 16.5 మిల్లీమీటర్ల గేజి స్థిరపడింది. తర్వాత హెచ్ఓ అనే 1:87 కొలత నిలిచింది ఈ గేజి మీదే. ఈ కొలతలో అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి రెండు సెంటీమీటర్లుంటాడు.

రైలు బల్ల మీదికి ఎక్కడంతో అంతా మారింది. నేల మీద పరిచిన పట్టాలను భోజనాల వేళకు తీసేయాలి. బల్లకు మేకులతో కొట్టిన పట్టాలు అక్కడే ఉండిపోతాయి. ఉండిపోయే పట్టాల చుట్టూ ఏమైనా కట్టుకోవచ్చు.

కంపెనీలు కంకర అవసరాన్ని గమనించకపోలేదు. మెర్క్లిన్ సంస్థ రేకును కట్ట ఆకారంలో వంచి, దాని మీద కంకర రాళ్ల బొమ్మను అచ్చువేసి, పైన పట్టాలు బిగించి అమ్మింది. పిల్లలు ఎన్నిసార్లు ఊడదీసి బిగించినా అది చెక్కుచెదరదు. కానీ దగ్గరికి వంగి చూస్తే అది రాయి కాదు, రాయి బొమ్మ. నిజమైన గులకను వాడాలన్న పట్టుదల కొందరికి వచ్చింది అక్కడే.

అసలు రైలు మార్గంలో కంకర అలంకారం కాదు. బండి బరువు చక్రం నుంచి పట్టాకు, పట్టా నుంచి దాని కింద అడ్డంగా ఉండే స్లీపరుకు, స్లీపరు నుంచి కంకరకు దిగి, అక్కడి నుంచి నేల మీద విశాలంగా పరుచుకుంటుంది. కంకర లేకపోతే స్లీపరు మట్టిలో కూరుకుపోతుంది. వాన నీరు రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఎండకు సాగిన పట్టాలు పక్కకు ఒరగకుండా రాళ్ల పదునైన అంచులు ఒకదాన్నొకటి పట్టుకుని ఆపుతాయి. అందుకే గుండ్రటి ఏటి గులకలకంటే క్రషరు రాయికే విలువ ఎక్కువ. భారతీయ రైల్వేలో వాడే రాయి సుమారు 50 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 0.57 మిల్లీమీటర్లు వస్తుంది. ఇసుక రేణువంత. బజారులో దొరికే గులకను తెచ్చి పోసిన తొలితరం ఔత్సాహికుల రైళ్లు బండరాళ్ల మీద నడిచినట్టు కనిపించడానికి కారణం ఈ లెక్కే.

ఇలాంటి లెక్కలు నలుగురికీ తెలిసింది పత్రికల వల్ల. ఇంగ్లండులో 1925లో ‘మోడల్ రైల్వే న్యూస్’ వచ్చింది. అమెరికాలో 1934 జనవరిలో మిల్వాకీ నగరం నుంచి ఆల్ కాల్మ్‌బాక్ ‘మోడల్ రైల్‌రోడర్’ మొదటి సంచికను తెచ్చాడు. దేశం ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి. మరుసటి ఏడాది అదే నగరంలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ పుట్టింది. ఒక కంపెనీ చక్రం ఇంకో కంపెనీ పట్టా మీద పడిపోకుండా నడవాలంటే కొలతలు కుదరాలి. ఆ కొలతలను వినియోగదారులే కూర్చుని రాసి, తయారీదారులను ఒప్పించారు. 1990లలో ఒకే పట్టా మీద వేర్వేరు ఇంజన్లను విడివిడిగా నడిపించే డిజిటల్ పద్ధతి వచ్చినప్పుడు కూడా జర్మనీలోని లెంజ్ సంస్థ సాంకేతికతను ఆధారం చేసుకుని ఉమ్మడి ప్రమాణం రాసింది ఈ సంఘమే.

1949లో వచ్చిన ‘రైల్వే మోడలర్’ సంపాదకుడు సిరిల్ ఫ్రీజర్ సామాన్య ఔత్సాహికుణ్ణి దృష్టిలో పెట్టుకుని పత్రిక నడిపాడు. పెద్ద హాలు లేనివాడికి, చిన్న గదిలో ఒక గోడ పక్కన పట్టే రైల్వే ఎలా కట్టాలో నక్షలు గీసి ఇచ్చాడు. 1957లో అతను ప్రచురించిన ‘మైనరీస్’ అనే చిన్న టెర్మినస్ నక్షను ఇప్పటికీ కొత్తవాళ్లు కట్టుకుంటున్నారు.

నేలను రైలుతో సమానంగా చూసిన తొలివారిలో లండన్‌కు చెందిన జాన్ ఆహెర్న్ ముఖ్యుడు. 1930ల చివర్లో అతను మొదలుపెట్టిన మాడర్ వ్యాలీ రైల్వేలో ఊళ్లు, కొండలు, రేవు అన్నీ ఉన్నాయి. రైలు ఆ ప్రాంతంలోంచి వెళ్లే ఒక భాగం మాత్రమే. ఎలా చేశాడో వ్యాసాలుగా, పుస్తకాలుగా రాశాడు కాబట్టి అది వేలమందికి పాఠం అయింది. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే యువకుడి దారి వేరు. తాను చూసి ముచ్చటపడ్డ పల్లెల్లో పాత ఇళ్లు ఒక్కొక్కటే రూపు మారిపోతుంటే తట్టుకోలేక, వాటిని 1:76 కొలతలో భద్రపరచాలని పూనుకున్నాడు. ఆ పూనికతోనే 1954లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విట్టెన్‌హామ్‌లో పెండన్ మ్యూజియం నెలకొంది. అక్కడ అట్టముక్క మీద ఇటుకలను ఒక్కొక్కటిగా గీసి, నీటిరంగులతో విడివిడిగా అద్దుతారు. ఆహెర్న్ మరణించాక మాడర్ వ్యాలీ కూడా ఆ మ్యూజియంలోనే చోటు చేసుకుంది.

అమెరికాలో ఆ స్థానం జాన్ అలెన్‌ది. కాలిఫోర్నియాలోని మాంటరేలో తన ఇంటి కింది భాగంలో అతను గోరీ అండ్ డిఫీటెడ్ అనే ఊహా రైల్వేను కట్టాడు. నేల నుంచి పైకప్పు దాకా లేచిన కొండలు, లోయలు, వంతెనలు. ఫొటోగ్రాఫరు కావడంతో కాంతినీ దూరాన్నీ ఎలా చూపాలో అతనికి తెలుసు. పెట్టెలోంచి తీసిన కొత్త వ్యాగను మీద మసి, తుప్పు, దుమ్ము పూయడాన్ని ఒక కళగా నిలబెట్టినవారిలో అతనిది ముందువరస. 1973 జనవరిలో గుండెపోటుతో కన్నుమూశాడు. కొద్ది రోజులకే ఆ ఇంట్లో అగ్నిప్రమాదం జరిగి రైల్వే కాలిపోయింది. అతని పని నిలిచింది ఫొటోల్లో, పత్రికల పుటల్లో, వాటిని చూసి పని నేర్చుకున్నవాళ్ల చేతుల్లో. ‘మోడల్ రైల్‌రోడర్’ సంపాదకుడు లిన్ వెస్ట్‌కాట్ తన చివరి సంవత్సరాల్లో ఆ పనంతటినీ ఒక పుస్తకంగా కూర్చాడు.

ఇక కంకర వేసే పద్ధతి. ఒకరి అనుభవానికి మరొకరి అనుభవం చేరి అది కుదురుకుంది. ఇప్పుడు ఏ దేశంలో చూసినా వరస దాదాపు ఒకటే. ముందు పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసి, చక్రం తగిలే పైభాగాన్ని తుడవాలి. కంకర వేశాక ఆ రంగు వేయడం కష్టం. తర్వాత పొడి కంకరను చెంచాతో పట్టాల మధ్య పోసి, మెత్తటి కుంచెతో సర్దాలి. స్లీపర్ల మీద రేణువు నిలవకూడదు. పట్టా లోపలి అంచును అంటుకున్న రేణువు చక్రాన్ని ఎత్తేసి బండిని పడేస్తుంది. ఈ సర్దుడుకే ఎక్కువ ఓపిక కావాలి.

అసలు కిటుకు నీళ్లలో ఉంది. నీళ్లు కలిపిన తెల్ల బంకను నేరుగా చుక్కలు వేస్తే, చుక్క గుండ్రంగా ముడుచుకుని రేణువులను తనకు అంటించుకుని దొర్లుతుంది. అంతసేపు సర్దిన కంకరలో గుంటలు పడతాయి. అందుకని ముందు నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవమో, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాలో కలిపి, మంచులా పిచికారీ చేసి తడపాలి. నీటి తలతన్యత తగ్గి, ఆ తర్వాత డ్రాపరుతో వేసిన బంక రాళ్ల సందుల్లోకి తానే ఇంకుతుంది. ఆ బంక మన వడ్రంగులు వాడే ఫెవికాల్ జాతిదే. ఒక రాత్రి ఆరితే రాయిలా బిగుస్తుంది. మళ్లీ తీయాల్సివస్తే నీళ్లతో నానబెడితే చాలు.

పాయింట్ల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేయాలి. కదిలే పట్టాల కిందికి బంక చుక్క చేరితే పాయింటు బిగుసుకుపోతుంది. సరుకులోనూ తేడాలున్నాయి. వాల్‌నట్ పెంకులను పొడి చేసిన కంకర తేలికగా ఉండి తడపగానే తేలుతుంది. నిజమైన రాతిపొడి కదలకుండా కూర్చుంటుంది కానీ, అందులో ఇనుప ఖనిజం ఉంటే ఇంజను మోటారులోని అయస్కాంతానికి అంటుకుని గేర్లలో చేరుతుంది. ముందే పొడిలో అయస్కాంతం తిప్పి చూడమని అనుభవజ్ఞులు చెబుతారు. శబ్దం మరో చిక్కు. గట్టిగా ఎండిన బంక పట్టాల మోతను నేరుగా బల్లకు చేరవేస్తుంది. కింద కార్క్ పరిచినా, తెల్ల బంకకు బదులు ఎండాక కాస్త మెత్తగా ఉండే యాక్రిలిక్ మీడియం వాడినా ఆ మోత తగ్గుతుంది.

రంగు ఎంపిక దగ్గర మోడలరు చరిత్రకారుడవుతాడు. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ మార్గాల్లో స్లీపర్లను కంకరతో పూర్తిగా కప్పేసేవారు. ఆ కాలాన్ని మోడల్ చేసేవాడు స్లీపర్లు కనిపించేలా వదిలితే తప్పు. ఆవిరి ఇంజన్ల కాలంలో యార్డుల్లో రాయికి బదులు బొగ్గు బూడిద, చిట్టెం పరిచేవారు. అమెరికాలో చికాగో అండ్ నార్త్ వెస్టర్న్ మార్గాలు గులాబీ రంగులో ఉండేవి. విస్కాన్సిన్‌లోని రాక్ స్ప్రింగ్స్ క్వారీ నుంచి తెచ్చిన క్వార్ట్‌జైట్ రంగది. ఆ రైల్వేను బూడిదరంగు కంకర మీద నడిపితే చూసినవాళ్లు వెంటనే పట్టేస్తారు.

పట్టాల వెడల్పు మీద కూడా పెద్ద చర్చే నడిచింది. బ్రిటిష్ ఇంజన్లు అసలే చిన్నవి కావడంతో 1:87లో వాటి బొమ్మల్లోకి అప్పటి మోటార్లు పట్టలేదు. దాంతో బండిని 1:76కు పెంచి, పట్టాలను మాత్రం 16.5 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచారు. లెక్క ప్రకారం 18.83 ఉండాలి. ఈ తేడాను భరించలేని బృందం ఒకటి 1960లలో చక్రాలనూ పట్టాలనూ కచ్చితమైన కొలతకు తెచ్చే ప్రోటోఫోర్ ప్రమాణాలను రూపొందించింది. పట్టాలు సొంతంగా చేసుకునే ఆ శ్రమ అందరూ పడలేరు. ఎక్కువమందికి ఆధారం 1946లో సిడ్నీ ప్రిచర్డ్ స్థాపించిన పెకో సంస్థ అమ్మిన, చేత్తో వంచుకోగల గజం పొడవు పట్టాలే.

భారతీయ రైల్వేను మోడల్ చేసేవారికి ఈ గేజి సమస్య ఇంకా పెద్దది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 1:87లో అది 19.3 మిల్లీమీటర్లవుతుంది. దొరికే పట్టా 16.5. చాలామంది ఆ ఇరుకు పట్టా మీదే మన ఇంజన్లను నడుపుతారు. పుణెలోని కోత్రూడ్‌లో భావూ జోషి సేకరణతో 1998లో తెరిచిన మినియేచర్ రైల్వే మ్యూజియం, ఈ అభిరుచికి మన దేశంలో ఉన్న బాగా తెలిసిన చిరునామా.

మీటరుగేజికి ఆ ఇబ్బంది లేదు. 1000 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 11.5. ఐరోపాలో మీటరుగేజి మోడళ్లకు వాడే 12 మిల్లీమీటర్ల పట్టా దానికి దాదాపు సరిపోతుంది. తెలుగు నేల మీద మీటరుగేజి మార్గాలు చాలానే ఉండేవి. కాచిగూడ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్‌కు, గుంటూరు నుంచి గుంతకల్లుకు, పాకాల నుంచి ధర్మవరానికి. 1992లో మొదలైన యూనిగేజ్ పథకం దేశమంతటా మీటరుగేజిని బ్రాడ్‌గేజిగా మార్చుకుంటూ వచ్చింది. ఈ మార్గాలన్నీ ఇప్పుడు బ్రాడ్‌గేజే. రాయ్ ఇంగ్లండ్ పల్లె ఇళ్లను కొలిచి పెట్టుకున్నట్టు ఈ మార్గాలనూ కొలిచి పెట్టుకోవచ్చు. ఆ పట్టాల మీద పనిచేసిన గ్యాంగ్‌మెన్, డ్రైవర్లు, స్టేషను మాస్టర్లు పదవీ విరమణ చేసి మన ఊళ్లలోనే ఉన్నారు. ఏ స్టేషను యార్డులో ఏ రాయి వాడేవారో, ఎక్కడ మొరం ఉండేదో, ఎక్కడ బొగ్గు బూడిద పరిచి ఉండేదో వాళ్లను అడిగి, పాత ఫొటోలతో సరిచూసి రాసి ఉంచాలి. మోడలు కట్టేది ఎప్పుడైనా కావచ్చు. ఈ వివరాలు మాత్రం ఇప్పుడే సేకరించుకోవాలి.