తల్లికోడి ఇచ్చేది, దాణా తిరిగి తెచ్చింది

గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన కోడిపిల్ల పేగుల్లో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. పల్లెలో అది తల్లి వెంటే తిరుగుతుంది. తల్లి గీరిన పెంటలో తానూ ముక్కుతో పొడిచి, మేలుచేసే బ్యాక్టీరియాను కడుపులోకి తెచ్చుకుంటుంది. హ్యాచరీలో పుట్టిన పిల్లకు తల్లే కనబడదు. దాణాలో కలిపే పదార్థాల చరిత్ర చాలావరకు ఈ లోటు చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

ఆ లోటు మీద ముందుగా కమ్ముకున్నది మందు. 1948లో అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఏడాది చివర్లో అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ బి12 విటమిన్ పరీక్షల్లో భాగంగా ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి తూచారు. బి12 ఒక్కదానివల్ల రానంత బరువు వచ్చింది. పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్కే అందుకు కారణమని 1950లో ప్రకటించారు. 1951 నుంచి అమెరికాలో డాక్టరు చీటీ లేకుండానే దాణాలో మందు కలపసాగారు. కొద్దికొద్దిగా రోజూ తినిపిస్తే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగని విధంగా తయారవుతుంది. బ్రిటన్‌లో స్వాన్ కమిటీ ఈ ప్రమాదం గురించి 1969లోనే హెచ్చరించింది. స్వీడన్ 1986లో ఎదుగుదల కోసం మందులు వాడటం ఆపించింది. ఐరోపా సమాఖ్య మొత్తంగా ఆపడానికి 2006 జనవరి 1 దాకా పట్టింది.

అసలు మలుపు ఫిన్లాండ్‌లో వచ్చింది. 1971లో అక్కడి బ్రాయిలర్లలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా విజృంభించింది. పరిశోధకులు ఎస్కో నుర్మి, రంటాలా ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగుల్లోని పదార్థాన్ని పలచన చేసి, అప్పుడే పుట్టిన పిల్లలకు పట్టించారు. తర్వాత సాల్మొనెల్లా ఇచ్చినా చాలా పిల్లలకు అంటలేదు. నిండిన బస్సులో సీటు దొరకనట్టు, చెడ్డ బ్యాక్టీరియాకు పేగుగోడ మీద చోటే మిగల్లేదు. 1973లో ఈ సంగతి ‘నేచర్’ పత్రికలో వచ్చింది. తల్లికోడి పెంటలో ఉచితంగా ఇచ్చేదాన్నే ప్రయోగశాల మళ్లీ పట్టుకుంది. ఇంతకంటే గొప్ప ప్రయోగం ఈ రంగంలో నాకు కనబడదు.

మందులు మానేశాక ఐరోపా షెడ్లలో క్లాస్ట్రిడియం బ్యాక్టీరియావల్ల పేగు కుళ్లే జబ్బు పెరిగింది. దాంతో ప్రోబయాటిక్‌లుగా, అంటే మేలుచేసే బ్యాక్టీరియాగా, లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ జాతులు, ఈస్ట్ గోడనుంచి తీసిన పదార్థాలు, బ్యూటిరిక్ ఆమ్లం, ఒరెగానో నూనె దాణాలోకి వచ్చాయి. ఈస్ట్ గోడలోని మన్నాన్‌కు సాల్మొనెల్లా అతుక్కుని పేగును వదిలేస్తుంది. బ్యూటిరిక్ ఆమ్లం పేగు లోపలి పొర కణాలకు ఆహారం.

మన దేశంలో మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను 2019లో కోళ్లకు నిషేధించారు. పసుపు, వెల్లుల్లి, మజ్జిగ మన ఇళ్లలో ఎప్పటినుంచో కోళ్లకు పెడుతున్నవే. వాటిలో సత్తువ లేదనను. కానీ పంట మారితే పసుపులోని సారం మారుతుంది, పరీక్షల ఫలితాలూ అలాగే మారుతున్నాయి. రెట్టలో రక్తపు జీర కనబడ్డ మందను పసుపునీళ్లకు వదిలేయడం తప్పు. అది కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు కావచ్చు, వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి.

రైతులకు నా విన్నపం ఒక్కటే. ప్రోబయాటిక్ సీసా కొనేముందు షెడ్డు నేల మీద పరిచిన లిట్టర్‌ను చేత్తో పిండి చూడండి. ముద్దకట్టి విడిపోకపోతే తడి ఎక్కువైనట్టే, ముందు దాన్ని ఆరబెట్టండి. ప్రోబయాటిక్‌ను క్లోరిన్ కలిపిన నీళ్లలో మాత్రం పోయకండి, అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.