పుదుచ్చేరి ప్రయోగశాలల్లో నీలి తెర

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన పిళ్ళైచావడిలో 1984లో ఇంజినీరింగ్ కళాశాల, మరుసటి ఏడాది కాలాపేటలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడే నాటికే, ప్రోగ్రాములు రాసే పనిముట్ల విషయంలో కంప్యూటర్ ప్రపంచం రెండు దారులు పట్టింది. పొరుగునే ఉన్న ఆరోవిల్‌లో ఆరెలెక్ అనే సంస్థ అదే దశకంలో కంప్యూటర్లను తయారుచేసింది కనుక ఈ ప్రాంతానికి యంత్రం వింతేమీ కాదు. దాని ముందు కూర్చున్న విద్యార్థి చేతికి ఏ పనిముట్టు ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న.

మొదటి దారి టెక్స్ట్ ఎడిటర్‌ది. అక్షరాలను టైపు చేయడం, దిద్దడం, ఫైలుగా భద్రపరచడం వరకే దాని పని. ఆ ఫైలును యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను, తప్పులు పట్టే డీబగ్గర్‌ను ప్రోగ్రామర్ విడిగా నడుపుకోవాలి. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ 1976లో రూపొందించిన ‘వీఐ’, సెకనుకు సుమారు 30 అక్షరాలను మాత్రమే చేరవేసే టెలిఫోన్ లైన్ల మీద కూడా పనిచేయవలసి వచ్చినందున, దాని ఆదేశాలు చాలావరకు ఒకటి రెండు అక్షరాలకే పరిమితమయ్యాయి. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ముద్రించి ఉండడం వల్ల, నేటికీ ఆ నాలుగు మీటలే అందులో కర్సర్‌ను కదుపుతున్నాయి.

రెండవ దారి సమీకృత అభివృద్ధి పర్యావరణానిది, అంటే వాడుకలో ఐడీఈ అనే, ఎడిటర్‌ను, కంపైలర్‌ను, డీబగ్గర్‌ను ఒకే చోట కూర్చిన సాధనానిది. బోర్లాండ్ సంస్థ 1983లో 49.95 డాలర్లకు విడుదల చేసిన టర్బో పాస్కల్ దీనిని సామాన్య ప్రోగ్రామర్‌కు అందుబాటులోకి తెచ్చింది. ఎడిటర్, కంపైలర్ రెండూ కలిసి 40 కిలోబైట్ల లోపే ఇమిడిన ఆ పనితనం ఈనాటికీ అబ్బురమే. దాని వెనుకే 1987లో టర్బో సి, 1990లో టర్బో సి++ వచ్చాయి.

భారతీయ ఇంజినీరింగ్ విద్యను దశాబ్దాలపాటు ఏలినది ఈ టర్బో సి నీలి తెరే. యానాం నుంచి 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పుదుచ్చేరికి చదువుకు వచ్చిన తెలుగు విద్యార్థి అయినా, కాకినాడలో చేరిన అతని మిత్రుడైనా, కంట్రోల్, ఎఫ్9 మీటలు కలిపి నొక్కితే ప్రోగ్రాం నడుస్తుందని నేర్చుకున్న తరమే. ఆ ఒక్క నొక్కుడు వెనుక కంపైల్ కావడం, గ్రంథాలయ ఫైళ్ళతో జతపడడం, నడవడం అనే మూడు దశలు ఉన్నాయని చాలామందికి తెలియలేదు. డాస్ కాలపు 16 బిట్ల యంత్రాల కోసం తయారైన ఆ కంపైలర్ పూర్ణాంకానికి రెండు బైట్లే కేటాయిస్తుంది కనుక 32767కు ఒకటి కలిపితే మైనస్ 32768 చూపుతుంది. అదే ప్రోగ్రాం నేటి లినక్స్‌లో జీసీసీ కంపైలర్‌తో 32768 ఇస్తుంది. తెరను తుడిచే ‘క్లియర్‌స్క్రీన్’ ఆదేశం సి ప్రమాణంలో భాగమే కాదు. పనిముట్టు లక్షణాన్ని భాష లక్షణంగా భ్రమించడం ఆ తరానికి జరిగిన నిజమైన నష్టం.

అయినంత మాత్రాన ఐడీఈని తోసిపుచ్చడం అన్యాయమే అవుతుంది. వేల ఫైళ్ళున్న జావా ప్రాజెక్టులో ఒక ఫంక్షన్ పేరు మార్చాలంటే, దానిని ఎవరెవరు పిలుస్తున్నారో వ్యాకరణం తెలిసి వెతకగల సాధనం కావాలి. 2001లో వచ్చిన ఎక్లిప్స్, ఇంటెల్లీజే ఆ పనిని సునాయాసం చేశాయి. దూరాన ఉన్న సర్వర్‌లో అర్ధరాత్రి ఒక్క వాక్యం దిద్దవలసిన ఉద్యోగికి మాత్రం దాదాపు ప్రతి యూనిక్స్ వ్యవస్థలోనూ దొరికే వీఐ చాలు.

తెలుగువారికి ఇంకొక చిక్కు ఉంది. ‘పుదుచ్చేరి’ అనే మాట కంటికి నాలుగు అక్షరాలే అయినా యూనికోడ్‌లో పది సంకేతాలు. అక్షరానికొక గడి చొప్పున తెరను విభజించే టెర్మినల్ ఎడిటర్లలో ‘చ్చే’ చెదిరిపోవచ్చు, చిత్రాత్మక సాధనాల్లో సరిగ్గా కూడుకుంటుంది.

2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్, భాషా పరిజ్ఞానాన్ని సాధనం నుంచి విడదీసి వేరే ప్రోగ్రాంకు అప్పగించడంతో, వీఐకి వారసుడైన విమ్ వంటి ఎడిటర్‌కు సైతం ఐడీఈ తెలివి అబ్బి, రెండు దారుల మధ్య గోడ చాలావరకు కూలింది. కాబట్టి ఇప్పుడు నిర్ణయించవలసింది ఏది గొప్పదని కాక, ఏది ముందని. మొదటి ఏడాది విద్యార్థి సాదా ఎడిటర్‌లో రాసి, కంపైలర్‌ను తన చేత్తో ఆదేశించాలి. పెద్ద ప్రాజెక్టు చేపట్టే నాటికి ఐడీఈ అతనికి అందాలి. నీలి తెర ఇంకా వెలుగుతున్న ప్రయోగశాలలు ఏవైనా ఉంటే, వాటి అధ్యాపకులు ఈ విద్యా సంవత్సరంలోనే దానికి సెలవివ్వాలి.