న్యూయార్క్, హ్యూస్టన్ నగరాల జీవన వ్యయం

జనాభా లెక్కన అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో న్యూయార్క్ మొదటి నగరం, టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నాలుగోది. ఒకే కుటుంబం ఈ రెండు చోట్లా ఒకే తీరున బతకడానికి అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉంది. ఆ తేడాలో సింహభాగం ఇంటిదే. ఫెడరల్ ఆదాయపు పన్ను శ్లాబులు దేశమంతటా ఒక్కటే. రాష్ట్ర, స్థానిక పన్నులు, రవాణా, బీమా మాత్రం ఊరిని బట్టి మారతాయి. వీటిలో కొన్ని న్యూయార్క్‌లో భారమైతే, మరికొన్ని హ్యూస్టన్‌లో భారం.

కొలిచే పద్ధతి

వినియోగదారుల ధరల సూచీ ఒకే చోట కాలంతోపాటు ధరలు ఎంత పెరిగాయో చెబుతుంది. ఏ ఊరు ఖరీదైనదో తేల్చడానికి అది పనికిరాదు. ఊళ్ళను పోల్చడానికి రెండు కొలమానాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక విశ్లేషణ సంస్థ వెలువరించే ప్రాంతీయ ధరల సూచీ. రెండోది కౌన్సిల్ ఫర్ కమ్యూనిటీ అండ్ ఎకనమిక్ రీసెర్చ్ 1968 నుంచి ప్రచురిస్తున్న జీవన వ్యయ సూచీ.

ఈ రెండో సూచీ కిరాణా సరుకులు, ఇల్లు, కరెంటు వంటి సేవలు, రవాణా, వైద్యం, ఇతర ఖర్చులు అనే ఆరు పద్దుల ధరలను చూస్తుంది. ఇందులో సగటు 100. ఇటీవలి సంవత్సరాల్లో న్యూయార్క్‌లోని మాన్‌హటన్ 220 దాటగా, హ్యూస్టన్ 100కు కాస్త దిగువనే ఉంటూ వచ్చింది. అయితే మాన్‌హటన్ నగరంలోని ఐదు బరోల్లో (పాలనా విభాగాల్లో) ఒకటి మాత్రమే. బ్రాంక్స్, స్టాటెన్ ఐలాండ్‌లలో అద్దెలు అంతకన్నా చాలా తక్కువ. పైగా ఈ సూచీ ఆదాయపు పన్నును, ఆస్తి పన్నును లెక్కలోకి తీసుకోదు.

ఇల్లు

2020 జనగణన ప్రకారం న్యూయార్క్‌లో 88 లక్షల మంది సుమారు 780 చదరపు కిలోమీటర్ల నేలపై ఉంటున్నారు. హ్యూస్టన్‌లో 23 లక్షల మందికి సుమారు 1,650 చదరపు కిలోమీటర్లు ఉన్నాయి. అంటే న్యూయార్క్‌లో జనసాంద్రత దాదాపు ఎనిమిది రెట్లు. నీటి మధ్య ఉన్న న్యూయార్క్‌కు పక్కకు పెరిగే వీలు లేదు. హ్యూస్టన్ చుట్టూ మైదానమే.

నియమాలూ ఈ తేడాను పెంచాయి. ఏ ప్రాంతంలో ఏం కట్టాలో నిర్దేశించే జోనింగ్ చట్టాన్ని హ్యూస్టన్ ఓటర్లు 1948, 1962, 1993లలో తిరస్కరించారు. 1998లో లూప్ 610 అనే రింగ్ రోడ్డు లోపల ఇంటి స్థలం కనీస పరిమాణాన్ని 1,400 చదరపు అడుగులకు తగ్గించడంతో, ఒక ఇల్లున్న చోట రెండు మూడు టౌన్‌హౌస్‌లు లేచాయి. ఇళ్ళు పెరిగేకొద్దీ ధరలకు కళ్ళెం పడింది.

న్యూయార్క్ అద్దెల నియంత్రణను ఎంచుకుంది. సుమారు పది లక్షల అపార్ట్‌మెంట్లలో అద్దె ఏటా ఎంత పెంచవచ్చో ఒక బోర్డు నిర్ణయిస్తుంది. వీటిలో ఎక్కువ భాగం 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకు మించి వాటాలున్న భవనాల్లో ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. అయినా కొత్తగా వచ్చినవారికి ఇల్లు దొరకడం కష్టమే. ఏడాది ఆదాయం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలని చాలామంది యజమానులు అడుగుతారు. 3,000 డాలర్ల అద్దెకు 1,20,000 డాలర్ల జీతం చూపాలన్నమాట.

పన్నులు

న్యూయార్క్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నుకు తోడు నగరం కూడా 3.078 నుంచి 3.876 శాతం వరకు పన్ను వేస్తుంది. టెక్సస్‌లో వ్యక్తుల ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు. 2019 రాజ్యాంగ సవరణతో అలాంటి పన్ను విధించడాన్నే నిషేధించారు.

ఆ లోటును టెక్సస్ ప్రధానంగా ఆస్తి పన్నుతో పూడ్చుకుంటుంది. పాఠశాలలు, కౌంటీ, నగరం వేసేవన్నీ కలిపితే హ్యూస్టన్ ప్రాంతంలో ఇంటి విలువలో ఏటా 2 శాతం అటూ ఇటూగా ఉంటుంది. 3 లక్షల డాలర్ల ఇంటికి ఆ లెక్కన నెలకు 500 డాలర్లు. ఇంటి అప్పు తీరిపోయినా ఈ పన్ను తప్పదు. యజమాని ఉండే ఇంటికి కొంత మినహాయింపు మాత్రం ఉంది.

అమ్మకపు పన్ను న్యూయార్క్‌లో 8.875 శాతం, హ్యూస్టన్‌లో 8.25 శాతం. వండుకునే సరుకులపై రెండు చోట్లా ఈ పన్ను లేదు.

రవాణా

న్యూయార్క్ కుటుంబాల్లో సగానికి పైగా కారు లేనివే. 1904లో మొదలైన సబ్‌వేకు నేడు 472 స్టేషన్లున్నాయి. టికెట్టు 2026 జనవరిలో 3 డాలర్లయింది. కారున్నవారు మాత్రం పార్కింగ్‌కు బాగా వదిలించుకోవాలి. 2025 జనవరి నుంచి మాన్‌హటన్‌లో 60వ వీధికి దిగువన పగటిపూట కారుకు 9 డాలర్ల రుసుము కూడా కట్టాలి.

హ్యూస్టన్‌లో బస్సు, రైలు టికెట్టు 1.25 డాలర్లే. అయితే రైలు మార్గాలు కొన్నే. ఉద్యోగస్థులు ఇద్దరుంటే రెండు కార్లు దాదాపు తప్పనిసరి. వాటి వాయిదాలు, బీమా, పెట్రోలు, మరమ్మతులు కలిసి అద్దెలో మిగిలిన డబ్బులో కొంత తినేస్తాయి.

కరెంటు, బీమా

హ్యూస్టన్ ఎండాకాలంలో ఏసీ లేకుండా గడవదు. 2002 నుంచి అక్కడ కరెంటు కంపెనీని వినియోగదారుడే ఎంచుకుంటాడు. ఒప్పందం సరిగా చూసుకోకపోతే బిల్లు పెరుగుతుంది. తుపానుల ముప్పు వల్ల ఇంటి బీమా ఖరీదైనది. మామూలు ఇంటి బీమాకు వరద నష్టం వర్తించదు గనుక దానికి వేరే పాలసీ తీసుకోవాలి. 2017లో హార్వే తుపాను వచ్చినప్పుడు మునిగిన ఇళ్ళలో చాలావాటికి ఆ పాలసీ లేదు.

వేతనాలు, తెలుగువారు

కనీస వేతనం న్యూయార్క్‌లో 2026 నుంచి గంటకు 17 డాలర్లు. టెక్సస్‌లో 2009 నుంచి మారని ఫెడరల్ రేటు 7.25 డాలర్లే అమలులో ఉంది. హెచ్‌-1బీ వీసాపై వచ్చేవారికి ఇవ్వాల్సిన కనీస జీతాన్నీ ప్రభుత్వం ప్రాంతాన్ని బట్టే నిర్ణయిస్తుంది. న్యూయార్క్‌లో పనిచేసే తెలుగువారిలో చాలామంది నది అవతల న్యూజెర్సీలోని జెర్సీ సిటీ, ఎడిసన్ వంటి చోట్ల కాపురముంటారు. వారు న్యూయార్క్ రాష్ట్ర పన్ను కట్టాలి గానీ, నగర ఆదాయపు పన్ను వారికి వర్తించదు.

మొత్తంమీద, సొంత ఇల్లు కొనుక్కోవాలనుకునే, పిల్లలున్న కుటుంబానికి హ్యూస్టన్ చవక. కారు లేకుండా, నియంత్రిత అద్దె ఇంట్లో ఉండే ఒంటరి ఉద్యోగి విషయంలో మాత్రం ఈ అంతరం సూచీలు చూపినంతగా ఉండదు.