నక్షత్రాలు రాలిన రాత్రి

1833 నవంబరు 13వ తేదీ వేకువజామున ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాల ప్రజలు అసాధారణమైన వెలుగుకు నిద్ర లేచారు. ఆకాశం నలుమూలలా అగ్నిరేఖలు వర్షంలా కురుస్తున్నాయి. ప్రళయకాలం సమీపించిందని పలువురు ప్రార్థనలకు ఉపక్రమించారు. మేరీలాండులో బానిసగా ఉన్న ఫ్రెడరిక్ డగ్లస్ ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసి, అనంతర కాలంలో తన ఆత్మకథలో పొందుపరిచాడు. మైదానాలలో నివసించే లకోటా తెగవారు ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క బొమ్మ చొప్పున గీసుకునే తమ చరిత్రలో ఆ ఏటికి రాలుతున్న నక్షత్రాలను చిత్రించారు. తర్వాతి కాలపు పండితులు ఆ బొమ్మ ఆధారంగానే తక్కిన బొమ్మల సంవత్సరాలను నిర్ణయించగలిగారు.

ఉల్కలను శకునాలుగా భావించడం ఏ ఒక్క జాతికో పరిమితమైన విషయం కాదు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు స్వర్గంలో పుణ్యఫలం అనుభవించి పతనమయ్యేవారి రూపాలే ఉల్కలని బృహత్సంహితలో పేర్కొన్నాడు. అయితే వాటిని ఐదు విధాలుగా విభజించి, ఆకారాన్నీ, గమనాన్నీ వివరించాడు. విశ్వాసంతోపాటు పరిశీలన కూడా సాగిందనడానికి ఇది నిదర్శనం.

1833 నాటి విశేషం మరొకటి. యేల్ కళాశాల ఆచార్యుడు డెనిసన్ ఓమ్‌స్టెడ్, చూసినవారు తమ అనుభవాలను తెలుపవలసిందిగా పత్రికాముఖంగా కోరాడు. దూరప్రాంతాల నుండి అందిన సమాచారాన్ని పోల్చగా, ఉల్కలన్నీ సింహరాశిలోని ఒకే బిందువు నుండి వెలువడినట్లు కనిపించాయని తేలింది. ఆ బిందువు నక్షత్రాలతోపాటే కదిలింది. కనుక ఉల్కల మూలం భూవాతావరణం కాదని, అంతరిక్షమని అతడు నిర్ధారించాడు.

1864లో హ్యూబర్ట్ న్యూటన్ క్రీ.శ. 902 మొదలుగా వివిధ దేశాల చరిత్రకారులు నమోదు చేసిన ఉల్కావర్షాలను క్రోడీకరించి, ఇవి సుమారు 33 ఏళ్లకొకసారి ఉద్ధృతమవుతాయని గుర్తించాడు. 1866లో మళ్ళీ సంభవిస్తుందన్న అతని అంచనా నిజమైంది. అదే కాలంలో కనుగొన్న టెంపెల్-టటిల్ తోకచుక్క విడిచిన ధూళియే ఈ ఉల్కలకు మూలమని వెల్లడైంది.

1899లో మాత్రం ప్రజలు రాత్రంతా వేచి చూసినా ఉల్కావర్షం కురవలేదు. బృహస్పతి, శని గ్రహాల ఆకర్షణవల్ల ధూళిప్రవాహం దారి తప్పింది. ఖగోళ శాస్త్రవేత్తలపై ప్రజల నమ్మకం సడలింది. ఆ ఏట తోకచుక్క విడిచిన ధూళియే 1966లో అమెరికా పశ్చిమ ప్రాంతాలపై మహావర్షమై కురిసింది. 1999లో డేవిడ్ ఆషర్, రాబర్ట్ మెక్‌నాట్ ముందుగా లెక్కించిన సమయం కొద్ది నిమిషాల తేడాతో సరిపోయింది.

ఆ తోకచుక్క 2031లో తిరిగి సూర్యుని సమీపానికి రానున్నది. దాని ధూళి రాకపోకలను నేడు నిమిషాలతో సహా లెక్కించగలుగుతున్నామంటే, అందుకు పునాది వేసినవారిలో 902 నాటి లేఖకులూ, 1833లో ఓమ్‌స్టెడ్‌కు ఉత్తరాలు రాసిన సామాన్యులూ ఉన్నారు. భయపడుతూనే అయినా, చూసినది చూసినట్లు వారు రాసి ఉంచారు.