లేక్ వ్యూ రోడ్డులో చెరువేది?

పర్యావరణం పాఠంలో ఎప్పుడూ ఒకటే బొమ్మ: చుక్క చుక్కగా కారుతున్న కుళాయి, కింద 'నీటిని పొదుపు చేయండి' అని ఒక ముక్క. ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం పిల్లలకి ముప్ఫయ్యేళ్ళు సోషల్ చెప్పాను. ఆ బొమ్మ చూసి మా పిల్లలు నవ్వేవాళ్ళు. చేతిపంపు దగ్గర ప్లాస్టిక్ బిందె పెట్టి, వంతు కోసం పోట్లాడి, తడిసిన గౌనుతోనే బడికొచ్చిన పిల్లకి పొదుపు గురించి నేనేం చెప్పను? తనే నాకు చెప్పాలి.

ఒకరోజు ఆరో క్లాసు పిల్లాడొకడు లేచాడు. "టీచర్, మా పిన్నీవాళ్ళది వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు. అక్కడ చెరువేమీ లేదు. మరి ఏం చూస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రావడానికి రెండు వారాలు పట్టింది.

అక్కడ నిజంగానే చెరువుండేది. ఇంగ్లీషువాళ్ళు లాంగ్ ట్యాంక్ అనేవారు, మాంబళం నుంచి నుంగంబాక్కం దాకా సాగిన చెరువు. 1920లలో దాన్ని ఎండగట్టి త్యాగరాయనగర్ కట్టారు. పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. నడిబొడ్డున పార్కుకి పానగల్ రాజావారి పేరు. ఇద్దరూ తెలుగువాళ్ళే. చెరువు మింగిన పేటకి మనవాళ్ళ పేర్లు పెట్టారని మురవాలో ఏడవాలో నాకిప్పటికీ తేలలేదు. నుంగంబాక్కంలో చెరువు పోయినా ట్యాంక్ బండ్ రోడ్డు ఉంది. 1976లో వళ్ళువర్ కోట్టం లేచింది కూడా ఆ చెరువు నేల మీదే.

అప్పట్నుంచి పుస్తకం పక్కన పెట్టి, పిల్లల్ని పేర్లు ఏరుకు రమ్మన్నాను. తమిళంలో ఏరి అంటే చెరువు, కుళం అంటే కొలను, తాంగల్ అంటే చిన్న కుంట, కేణి అంటే కోనేరు. తిరువల్లికేణి, కుళత్తూర్, పళవంతాంగల్, అయ్యప్పన్‌తాంగల్... బస్సుల బోర్డులు చూసి రాసుకొచ్చారు. పేరుకో మార్కు. ఊరంతా నీళ్ళ పేర్లేనని వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టారు.

ఆ తర్వాత జార్జిటౌన్‌కి నడిపించాను, ఏడు బావుల వీధికి. అరవంలో ఏళు కిణరు. ఈ ఊళ్ళో ఏర్పాటుగా నీళ్ళు తోడి పంపడం మొదలైంది అక్కడే, 1772లో, కెప్టెన్ బేకర్ అనే ఆయన చేతుల మీదుగా. ఆ నీళ్ళు పోయేది సెయింట్ జార్జి కోటకి. చుట్టూ ఉన్న పెద్దనాయకన్‌పేట జనానికి ఎవరింటి బావి వాళ్ళదే. హైదరలీ మనుషులు ఆ బావుల్లో విషం కలపబోయి దొరికిపోయారని ఒక కథ చెప్పుకుంటారు. పిల్లలకి తేదీలు గుర్తుండవు గానీ విషం గుర్తుంటుంది. "కోటని పట్టుకోవాలంటే ఫిరంగి అక్కర్లేదన్నమాట" అన్నాడు లేక్ వ్యూ రోడ్డు ప్రశ్న వేసినవాడే.

ఊరివాళ్ళ వంతు రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. కుశస్థలి నదికి తామరపాక్కం దగ్గర ఆనకట్ట వేసి, చోళవరం మీదుగా నీళ్ళని రెడ్‌హిల్స్ చెరువుకి మళ్ళించి, 1872లో మట్టి కాలవలో కీల్పాక్ దాకా తెచ్చారు. నేల మీద పారే కాలవ, వడపోత లేదు. ఇసుక మడుల్లో వడగట్టడం, మూసిన కాలవ 1914 నాటి మాట. తర్వాత పూండి జలాశయం. మేయరుగా పట్టుబట్టి దాన్ని మొదలుపెట్టించిన సత్యమూర్తి 1943లో పోయారు, పని 1944లో పూర్తయింది. పూండిలో కలిసే నగరి నది చిత్తూరు వైపు నుంచి వస్తుంది. మా పిల్లల్లో సగం మంది తాతముత్తాతలు ఆ వైపువాళ్ళే. ఆ ముక్క చెప్పగానే క్లాసులో వెన్నులు నిటారుగా లేచాయి.

ఇక కృష్ణ. ఇక్కడ తెలుగుగంగ అనేవాళ్ళు తక్కువ, 'కృష్ణా తణ్ణి' అంటారు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ చెన్నై కోసం తలా 5 టీఎంసీలు వదులుకోవాలని 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం కుదుర్చుకున్నారు. నీళ్ళు పొలిమేర దాటింది 1996లో. దీన్ని బోర్డు మీద చెబితే ఎవరికీ ఎక్కలేదు. బడి ఆవరణలో ఏడుగురిని వరసగా దూరం దూరంగా నిలబెట్టాను: శ్రీశైలం, పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు, ఊత్తుకోట, పూండి. అందరి చేతుల్లో స్టీలు చెంబులు. శ్రీశైలం చెంబు నిండా నీళ్ళు. పరిగెత్తి పక్క చెంబులో పొయ్యాలి. వెలుగోడు తూలింది. సోమశిలకి దాహమేసి ఒక గుక్క తాగేశాడు. పూండి అమ్మాయి చెంబులోకి తొంగిచూసి, "టీచర్, ఇంతేనా?" అంది. సగం కూడా లేదు. అప్పుడు చెప్పాను: 15 టీఎంసీల్లో 3 దారిలో పోతాయని ఒప్పందంలోనే రాసుకున్నారు, చెన్నైకి లెక్క 12. అవి కూడా ఏటా నిండుగా వచ్చింది లేదు. కండలేరు నుంచి పొలిమేర దాకానే 152 కిలోమీటర్ల కాలవ. సోమశిల తలొంచుకున్నాడు.

2003లో ప్రతి ఇంటికీ వాననీటి ఇంకుడు ఏర్పాటు ఉండి తీరాలని తమిళనాడు చట్టం చేసింది. మందవెళిలో అంతకు ముందు ఏడాదే రెయిన్ సెంటర్ తెరిచారు, శేఖర్ రాఘవన్ గారి పూనికతో. అక్కడి నమూనాలు చూశాక పిల్లల చేత లెక్క కట్టించాను. వంద చదరపు మీటర్ల డాబా, చెన్నైలో ఏడాదికి సుమారు 140 సెంటీమీటర్ల వాన. లక్షా నలభై వేల లీటర్లు! పదిహేను లీటర్ల బిందెలైతే తొమ్మిది వేల పైచిలుకు. పన్నెండు వేల లీటర్ల లారీలైతే ఇంచుమించు పన్నెండు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్ల, "మా డాబా మీద పన్నెండు లారీలా!" అని గుండె మీద చెయ్యేసుకుంది.

నేను రిటైరయ్యాక 2015 డిసెంబరులో ఊరు మునిగింది. 2019 జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో తాగునీళ్ళు వచ్చాయి, యాభై వ్యాగన్లలో ఇరవై అయిదు లక్షల లీటర్లు. మధ్యలో గడిచింది నాలుగేళ్ళు కూడా కాదు. ఆ రైలు ఫోటో నాకు పంపింది పూండి అమ్మాయి. కింద రాసింది: "టీచర్, ఇంతేనా?"

మేముంటున్న అపార్ట్‌మెంట్‌లో ఇంకుడు గుంత ఉందని కాగితాల్లో ఉంది. ఎక్కడుందో వాచ్‌మన్‌కి తెలియదు, సెక్రటరీకీ తెలియదు. పోయిన నెల నేనే వెతికాను. టైల్స్ పరిచేసి, దాని మీద చెప్పుల స్టాండు పెట్టారు. టైలు తీయిస్తే కింద గులకరాళ్ళు కనపడలేదు, గట్టిపడ్డ సిమెంటు బురద. దాన్ని తవ్వించడానికి మనిషిని మాట్లాడాను. మీ ఇంట్లోనూ అలాంటి మూత ఒకటుంటుంది. పిల్లల్ని పక్కన పెట్టుకుని, అక్టోబరు వానలు మొదలవకముందే ఒకసారి తీసి చూడండి.