వ్యవసాయ ఇంజనీరింగ్: పల్నాడులో ఉపాధి, వేతనాలు

వ్యవసాయ ఇంజనీరింగ్ అనేది సాగు యంత్రాలు, నేల–నీటి సంరక్షణ, కోత అనంతర ప్రక్రియలకు చెందిన ఇంజనీరింగ్ శాఖ. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు సమీపంలో, బాపట్లలో, డాక్టర్ ఎన్టీఆర్ వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల 1983 నుంచి ఉంది. ఇక్కడ బీటెక్ నాలుగేళ్లు.

పల్నాడులో ఈ శాఖ అవసరం ఎక్కువ. నాగార్జునసాగర్ కుడికాలువ కింది భూములకు నీటి పంపిణీ, మెట్ట చేలకు డ్రిప్పు ఇందులో భాగాలు. ఇక్కడ కోసిన మిరపను కల్లాల్లో పట్టాల మీద ఆరబోస్తారు. అకాల వానకు తడిస్తే కాయ రంగు మారి ధర పడిపోతుంది. డ్రయ్యర్ల రూపకల్పనకు ప్రాధాన్యం అందువల్లే.

ఈ బీటెక్ చదివినవారు ప్రభుత్వరంగ బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి కావచ్చు; ఆ ఉద్యోగ ఆరంభ మూలవేతనం, 2024 మార్చి వేతన ఒప్పందం ప్రకారం, నెలకు రూ.48,480. ఎంటెక్ చదివినవారికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో విషయ నిపుణుల ఉద్యోగం రూ.56,100తో, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) శాస్త్రవేత్త ఉద్యోగం రూ.57,700 మూలవేతనంతో మొదలవుతాయి.